పిచ్చుకల టీచర్ న్యాయం

ఆ బడిలో మూడేళ్ళ పిల్లలు కూర్చునే గది తలుపు మీద పిచ్చుక బొమ్మ ఉండేది. అందుకని ఆవిడ పిచ్చుకల టీచర్ అయింది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. మొగుడు కూడా నలుగురిలో "మా టీచరమ్మ" అనేవాడు. ముక్కులు తుడవడం, జిప్పులు పెట్టడం, కుడి బూటు ఎడమ కాలికి తొడుక్కున్నవాణ్ణి కూర్చోబెట్టి మార్చడం, "టీచర్, వీడు నన్ను చూశాడు" అనే ఫిర్యాదుకు కూడా తీర్పు చెప్పడం, ఇదీ ఉద్యోగం. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ ఎవరిదైనా సరే, ఆవిడ ఒళ్ళోకి వస్తే ఇట్టే ఊరుకునేది.

సొంత కూతురికి మూడేళ్ళు నిండగానే ఆ గదిలోనే చేర్చింది. ఆ వయసు వాళ్ళకు అక్కడ ఉన్నది ఒకటే గది. ఒకరోజు పిల్లకు ఒళ్ళు వెచ్చబడితే కాసేపు ఒళ్ళో పడుకోబెట్టుకుంది. అది చూసిన ఒక తల్లి గేటు దగ్గర పదిమంది వినేలా అంది: "మనవాళ్ళను ఎవరు చూస్తారమ్మా? టీచర్ గారి ఒడి టీచర్ గారి కూతురికే చాలడం లేదు!"

ఆ మాట ములుకులా దిగింది. మర్నాటి నుంచి గదిలో కొత్త న్యాయం మొదలైంది. కుళాయి దగ్గర వరుసలో చివర కూతురు. జారుడుబల్ల దగ్గర చివర కూతురు. రంగుపెన్సిళ్ళు పంచితే, అందరూ ఏరుకున్నాక మిగిలిన విరిగిన ముక్క కూతురిది. ఇద్దరు పిల్లలు కిందపడితే ముందు పరాయి బిడ్డ, తరవాత తన బిడ్డ. ఆ "తరవాత" వచ్చేలోపు ఆయమ్మ వచ్చేది. ఆయమ్మ అంటే గది తుడిచి, పిల్లల్ని బాత్రూముకు తీసుకెళ్ళే మనిషి. తుడిచే గుడ్డ బకెట్లో పడేసి, పిల్లను చంకనేసుకుని వరండాలో తిప్పేది.

"మీరొకసారి ఎత్తుకోండి టీచర్, మీకోసమే ఏడుస్తోంది" అనేది.

"మన పిల్లేగా, ఆగుతుందిలే."

ఈ న్యాయానికి గొప్ప పేరొచ్చింది. "టీచరంటే ఆవిడే, కన్నకూతుర్నైనా పక్కన పెడుతుంది" అన్నారు తల్లులు. గేటు దగ్గర నోరు పారేసుకున్న తల్లి అందరికన్నా గట్టిగా అంది. ఆ మెప్పు ఆవిడకు కడుపు నింపింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ తిన్నగా రచ్చకే వెళ్ళి గెలిచింది. ఇంటి సంగతి తరవాత చూసుకోవచ్చులే, ఇల్లెక్కడికి పోతుంది!

కూతురు పెద్దదైంది, ఉద్యోగంలో చేరింది, పెళ్ళి చేసుకుని రెండు వీధుల అవతల కాపురం పెట్టింది, ఓ ఆడపిల్లను కంది. ఆ పిల్ల నడక నేర్చే సమయానికే పిచ్చుకల టీచర్ రిటైరైంది. ఆవిడకు దిగుల్లేదు. కూతురు మళ్ళీ ఆఫీసుకు వెళ్తే మనవరాలు తన దగ్గరే ఉంటుంది. ఈ బిడ్డనైనా చంక దించకుండా పెంచాలని ఆవిడ ఆశ. అంత ఆశ జీవితంలో దేనిమీదా పెట్టుకోలేదు.

కూతురు మాత్రం ఆయమ్మ దగ్గర ఉంచుతానంది. ఆయమ్మ ఇప్పుడు తన ఇంట్లోనే నలుగురు పసివాళ్ళను చూసుకుంటోంది.

"నేనుండగా ఆయమ్మేమిటే? నలుగురూ నవ్వరూ? జీవితమంతా పిల్లల్ని సాకినదాన్ని!"

"సాకావమ్మా. అందుకే భయం. ఇప్పటికీ ఎక్కడైనా దెబ్బ తగిలితే నాకు ఫినాయిల్ వాసన గుర్తొస్తుంది. అది ఆయమ్మ చేతుల వాసన. నీ చేతులు నాకు గుర్తు లేవు."

తన కష్టం దీనికేం తెలుసని ఆవిడకు ఒళ్ళు మండింది. అయినా మనవరాలు కావాలి గనక కోపం దిగమింగి బతిమాలింది. "ఒక్క వారం చూడవే. నచ్చకపోతే నీ ఇష్టం." కూతురు మెత్తబడింది.

వారం హాయిగా గడిచింది. మనవరాలు ఆవిడ మెడ వదల్లేదు, చెంప కొరికింది, పొట్టమీద బోర్లా పడి నిద్రపోయింది. ఆఖరి రోజు సాయంత్రం పక్కింటామె, అరగంట చూడమని కొడుకుని దించి కొట్టుకు వెళ్ళింది. ఇద్దరు పిల్లలకూ ఒకే బంతి కావాల్సి వచ్చింది. లాక్కుని లాక్కుని ఇద్దరూ పడ్డారు. మనవరాలి తల ఠంగున తలుపుకు కొట్టుకుంది. వాడికి దెబ్బ లేదు, నోరు మాత్రం పెద్దది.

ఆవిడ పరుగెత్తింది. పరుగెత్తి వాణ్ణి ఎత్తుకుంది.

ఆలోచించి చేసింది కాదు. చేతులు వాటంతటవే అటు వెళ్ళాయి. వాణ్ణి భుజాన వేసుకుని వీపు నిమురుతూ, కింద చేతులు చాచి ఏడుస్తున్న మనవరాలితో ఎప్పటి గొంతుతోనే అంది: "నువ్వు మన పిల్లవి కదమ్మా, కాస్త ఆగు."

తల తిప్పేసరికి గుమ్మంలో కూతురు. అరిచినా బాగుండేది. లోపలికి వచ్చి పిల్లను ఎత్తుకుని, బొప్పి మీద అరచెయ్యి అదిమింది. పాలసీసా, బట్టలు సంచిలో సర్దుకుంది.

"వాడు పరాయి పిల్లాడే, వాళ్ళమ్మ ఏమన్నా అంటుందేమోనని..." అంది ఆవిడ.

"ఏమీ అనదమ్మా. పాప రేపట్నుంచి ఆయమ్మ దగ్గర ఉంటుంది."

మెట్ల మీద మనవరాలి ఏడుపు వినబడినంతసేపూ ఆవిడ కదల్లేదు. కాసేపటికి పక్కింటామె వచ్చి, నిద్రపోయిన కొడుకుని ఆవిడ భుజం మీంచి జాగ్రత్తగా అందుకుంది.

"మీ చేతిలో పెడితే ఇక బెంగే ఉండదు టీచర్ గారూ" అంది.