పేర్ల చీటీ

టైరు కాలుతున్న వాసన తగిలితే ఇబిదున్ ఇప్పటికీ ముక్కు మూసుకుంటుంది. మూసుకోవాలి కూడా. ఇలే-ఒడోలో పుట్టి, కబేళా పక్క బజారులో పెరిగిన మనిషికి ఆ వాసన మామూలుగా అనిపించిందంటే ముక్కు చచ్చిపోయిందనే అర్థం. ఆ ఊళ్ళో అలాంటి ముక్కులే ఎక్కువ.

ఆమె తల్లి బజారులో పొన్మో అమ్మేది. ఆవు తోలుని వెంట్రుకలు పోయేదాకా మంట మీద కాల్చి, గీకి, కడిగి, ఉడకబెట్టిన ముక్కలే పొన్మో. మాంసం కొనలేనివాళ్ళు కూరలో మాంసానికి బదులు వేసుకుంటారు, కొనగలిగినవాళ్ళు మాంసంతో పాటు వేసుకుంటారు. తల్లి రోజుల్లో తోళ్ళు కట్టెల మంట మీద కాల్చేవాళ్ళు. తర్వాత ఏ మహానుభావుడో పాత లారీ టైరుకి నిప్పు పెట్టి చూశాడు. తొందరగా అంటుకుంది, చాలాసేపు మండింది, పైగా ఊరికే దొరికింది. ఇంకేం, కట్టెల మోపులు పోయి కబేళా వెనక టైర్ల గుట్టలు లేచాయి. నల్లటి పొగ బజారు మీద, బడి మీద, ఆరేసిన బట్టల మీద పడింది. తోలు పైన అంటిన మసి గీకితే పోతుంది. లోపలికి దిగింది పోదు.

ఆ లోపలికి దిగిందేమిటో తేల్చడానికే ఇబిదున్ రసాయనశాస్త్రం చదివిందని రాస్తే గొప్పగా ఉంటుంది కానీ, అది అబద్ధం. ఏ సీటు వస్తే అది చదివింది. ఊరి చివరి యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చాక, ఒకరోజు ఇంట్లో కూరకి తెచ్చిన పొన్మోలో చిన్న ముక్క కోసి, చూద్దామని పరీక్ష పెట్టింది. సీసం కనపడింది. ఆ రాత్రి ఆ కూర ఎవరినీ తిననివ్వలేదు. అప్పటినుంచి టైర్ల మీద కాల్చిన తోళ్ళు ఒకవైపు, ఇంకా కట్టెలు వాడే దూరపు పల్లెనుంచి తెప్పించిన తోళ్ళు ఒకవైపు పెట్టి, కరెంటు ఉన్నప్పుడల్లా పరీక్షలు చేస్తూ ఏళ్ళు గడిపింది. ఆమె జీవితంలో మనసు పెట్టి చేసిన పని అదొక్కటే.

యూనివర్సిటీకి అలాంటి పని అక్కర్లేదు. దానికి కావలసింది లెక్క. ఏడాదిలో ఎన్ని పరిశోధన పత్రాలు బయటికొచ్చాయో గేటు దగ్గర పెద్ద బోర్డు మీద రాసేవాళ్ళు. పక్క రాష్ట్రం యూనివర్సిటీని దాటితే మేకల్ని కోసి విందు చేసుకునేవాళ్ళు. ఏం కనిపెట్టారని ఆ విందుల్లో ఒక్కడు అడిగితే ఒట్టు.

విభాగం పెద్ద ప్రొఫెసర్ ఒగున్‌మొదెదె ఒకరోజు ఆమెను గదికి పిలిచాడు. తియ్యగా మాట్లాడే మనిషి. ఆయన మాట వింటే చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

"ప్రమోషన్ ఎందుకు ఆగిపోయిందో తెలుసా ఇబిదున్? ఒక్క ముక్క పట్టుకుని ఏళ్ళ తరబడి ఉడకబెడుతున్నావు. అంతసేపు ఉడికితే పొన్మో కూడా కరిగిపోద్దమ్మా!"

"పని తేలాలి కదండీ."

"తేల్తుందిలే. ఈలోపు నా మాట విను. మనం అయిదుగురం ఉన్నాం. తలా ఒక పేపరు రాసి అందులో అందరి పేర్లూ వేస్తే, తలా అయిదు. ఎవరి వంతు వస్తే వాళ్ళ పేరు ముందు. బజార్లో మీ అమ్మ చీటీ వేసేది కాదూ? ఇదీ అంతే."

"చీటీలో ఎవరి డబ్బు వాళ్ళు పెడతారండీ. ఇందులో నేనేం పెడుతున్నాను?"

"పేరు పెడుతున్నావు! అంతకంటే విలువైందేముంది?"

వెనక చేరినవాళ్ళు ముందుకు పోయి ఆమె మీద పెత్తనం చేస్తున్న రోజులవి. సరేనంది.

ఇక ఆ చీటీ ఎలా నడిచిందో చెబితే రోత పుడుతుంది. ఒక ఊరి బావినీళ్ళ లెక్కలు ఇంకో ఊరి పేరుతో బయటికొచ్చేవి. చేపల మీద చేసిన పరీక్షలు మరుసటి నెలకి నత్తల మీద చేసినవైపోయేవి. డబ్బు కడితే కళ్ళు మూసుకుని అచ్చేసే పత్రికలు ఉండనే ఉన్నాయి. అచ్చయిన ప్రతిసారీ ఇబిదున్‌కి ఒక కాపీ వచ్చేది. తన పేరు ఉందో లేదో చూసి మూసేసేది. దొంగకైనా కాస్త భయం ఉంటుంది. వీళ్ళకి పట్టాల పండగకి కొత్త గౌను కుట్టించుకునే తొందర తప్ప ఇంకేమీ లేదు. ఆమె కూడా కుట్టించుకుంది. ప్రమోషన్ వచ్చింది.

టైర్ల సీసం మీద ఆమె అసలు పని కూడా చివరికి అచ్చయింది. చీటీ నియమం చీటీ నియమమే. తోలు ముక్క ముట్టుకోని నలుగురి పేర్లూ ఆమె పేరు పక్కన చేరాయి. దాన్ని ఎవరూ చదవలేదు.

తల్లి పోయాక ఆమె పొన్మో గంప ఎత్తుకుంది చెల్లెలు అబెకే. కబేళా గోడ పక్కనే ఆమె బల్ల. పొద్దున్నే నల్లటి కళ్ళె ఉమ్మి, అప్పుడు వ్యాపారం మొదలుపెడుతుంది.

"ఆ టైర్లు ఆపించక్కా," అనేది. "అంత చదువు చదివావు, ఊరికే తలకి గెలె గుడ్డ చుట్టుకుని పెళ్ళిళ్ళకి పోవడానికా?"

"కట్టెలకి మారితే మీకు ఖర్చు పెరుగుద్దే."

"పెరగనీ. ఇంకో నాలుగు కేకలెక్కువేసి అమ్ముకుంటాం. ముందు ఊపిరాడాలి కదా!"

ఇబిదున్ ఊరి కౌన్సిల్ చుట్టూ తిరిగింది. తిట్టించుకుంది, మళ్ళీ తిరిగింది. చివరికి టైర్ల నిషేధం మీద బహిరంగ విచారణ పెట్టారు. అబెకే సంతోషం పట్టలేక బజారంతా చాటింది.

ఆ రోజు కౌన్సిల్ హాలు కిటకిటలాడింది. పొన్మో అమ్మే ఆడవాళ్ళంతా ఒకే రంగు బట్టలు కట్టుకుని వచ్చారు. ప్రొఫెసర్ ముందు వరసలో కూర్చున్నాడు. ఇబిదున్ తన పత్రం చేతిలో పట్టుకుని, ఎంత సీసం ఉంది, అది పిల్లల బుర్రల్ని ఏం చేస్తుంది, అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. ఛైర్మన్ తల ఊపుతూ విన్నాడు. గెలిచినట్టే అనుకుంది.

అప్పుడు కబేళా పెద్ద అల్హాజీ యెకీని లేచాడు. కోపం లేదు, కేక లేదు. సంచిలోంచి కొన్ని కాగితాలు తీశాడు.

"మా అబ్బాయి ఫోన్లో వెతికి తీశాడండీ. మీ యూనివర్సిటీదే. డాక్టరమ్మా, ఈ నాలుగో పేరు మీదే కదా?"

ఆమెదే. మొదటి పేరు ప్రొఫెసర్‌ది. టైర్ల మంట మీద కాల్చిన తోళ్ళలో సీసం హద్దుల్లోనే ఉందని, తినడానికి ఏ ప్రమాదమూ లేదని అందులో ఉంది. పట్టిక చూడగానే ఆమె గుర్తుపట్టింది. ఆ అంకెలు తనవే. పల్లెలో కట్టెల మంట మీద కాల్చిన తోళ్ళ అంకెలు. వాటిని ఎత్తుకొచ్చి పైన టైర్లని రాసి, ఆయన తన వంతు గడుపుకున్నాడు. ముందు వరసలో ప్రొఫెసర్ ఫోను చూసుకుంటున్నాడు.

"ఇది తప్పండీ," అంది. "ఇది... నేను చదవలేదు."

"చదవకుండానే పేరు పెట్టారా?" అన్నాడు ఛైర్మన్.

"మా దగ్గర అలా ఒక పద్ధతి..."

"ఇట్టాంటివి ఎన్ని ఉన్నాయి?"

"చాలా."

హాల్లో ఎవరో పకాలున నవ్వారు. ఛైర్మన్ ఆమె తెచ్చిన పత్రం అందుకుని పేర్లున్న చోట వేలు పెట్టాడు.

"మరి ఇందులోనూ అయిదు పేర్లున్నాయి. ఈ నలుగురూ మీతో కలిసి తోళ్ళు పరీక్ష చేశారా?"

"లేదండీ."

"అయితే ఇది మాత్రం మీరే చేశారని మాకెట్టా తెలియాలమ్మా?"

నిజం ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ నిజం మీద తన చేత్తోనే బురద పూసుకుంది. నిషేధం లేదని ఛైర్మన్ తేల్చేశాడు. ఒకే రంగు బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

బయట ప్రొఫెసర్ చెట్టు కింద ఆమెను ఆపాడు. "పరీక్ష పద్ధతులు వేరని ఒక్క ముక్క అంటే పోయేది కదా! బజారువాళ్ళ ముందు విభాగం పరువు తీశావు."

ఆమె ఆయన కాళ్ళ దగ్గర తుపుక్కున ఉమ్మింది. పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్ళ ముందు అంత పని ఎప్పుడూ చేయలేదు. చేసినా మనసు చల్లబడలేదు. ఆ ఉమ్ము ఎవరి మొహాన పడాలో ఆమెకి తెలుసు.

సాయంత్రం అల్హాజీ స్వయంగా ఇంటికొచ్చాడు. అరిటాకుల్లో చుట్టిన పెద్ద పొన్మో మూట గడప మీద పెట్టాడు.

"మనసులో ఏం పెట్టుకోకండి డాక్టరమ్మా. మీ పేరు మా వాళ్ళ పొయ్యి ఆరకుండా కాపాడింది. మీ పేరు చూశాకే ఛైర్మన్ గారు నమ్మారు." వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే భరించలేకపోయింది.

ఆయన అటు వెళ్ళాడో లేదో అబెకే వచ్చింది. అక్కని చూసి ఎప్పట్లా మోకాలు వంచి పలకరించలేదు. మూట విప్పి, ముక్క నొక్కి చూసింది.

"దాన్ని పారెయ్యి," అంది ఇబిదున్.

"ఎందుకు పారెయ్యాలి? మంచి సరుకు. రేపు అమ్ముకుంటా."

"అబెకే, అందులో ఏముందో నీకు తెలుసు."

"నాకు తెలుసు, నీకు తెలుసు." అబెకే మూట మళ్ళీ కట్టి నెత్తికెత్తుకుంది. "రేపు బజారుకొచ్చి నా బల్ల పక్కన నిలబడి చెప్పు. నీ మాట ఎవరు నమ్ముతారో నేనూ చూస్తాను."