సినిమా తీయని డైరెక్టరు

ఆ ఇంట్లోకి బహుమతి అనే వస్తువు అడుగుపెట్టింది సుద్దముక్క పుణ్యాననే. బడిలో బొమ్మల పోటీ, ప్రథమ స్థానం, సబ్బుపెట్టె. సబ్బు లేదు, పెట్టె మాత్రమే. అయినా వాళ్ళ నాన్న దాన్ని అద్దాల బీరువాలో పెట్టి వచ్చిపోయేవాళ్ళందరికీ చూపించేవాడు. ఖాళీ గోడ కనిపిస్తే చాలు, సుద్ద తీసి గీసేసేది కనుక పిల్లకు సుద్దముక్క అన్న పేరు పడింది. అసలు పేరు హాజరు పట్టీలో మిగిలిపోయింది.

తర్వాతి ఘనతలూ తక్కువవేం కావు. బొమ్మలంటే ప్రాణం కనుక నాన్న ఆమెను లెక్కల చదువులో చేర్పించాడు. అందులోనూ ఫస్టు క్లాసే. ఆ మార్కులు చూసి బీమా ఆఫీసువాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే పదోన్నతి కూడా వచ్చింది. అంతకుముందు పాలసీలు రాసేది, ఆ తర్వాత మేనేజరుగారి పిల్లలకు సైన్సు చార్టులు గీసేది. ఆ పేరు విని ఒక ప్రకటనల కంపెనీ పిలిచింది. అక్కడ బిస్కెట్టుకు కళ్ళూ ముక్కూ పెట్టి నవ్వించడం పని. ఆమె గీసిన నవ్వు ఊళ్ళో బస్సులన్నిటి వెనకా తిరిగింది. అంత కీర్తి ఆ వంశంలో ఎవరికి దక్కింది గనుక? చివరికి పేరున్న బడిలో డ్రాయింగు టీచరైంది. ఆమె క్లాసులో నవ్వులు హెడ్మాస్టరు గదిదాకా వినిపించాయని, కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, గౌరవంగా సాగనంపారు.

ఆ బడి వదిలాక కూడా పెద్ద క్లాసుల పిల్లలు ఆమె కళ్ళలోంచి పోలేదు. సాయంత్రమైతే టైర్ల కొట్టు అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే బళ్ళను చూస్తూ పొద్దుపుచ్చేవాళ్ళు. వీళ్ళు గీసుకోవడానికి, పాడుకోవడానికి, వేషాలు కట్టడానికి ఒక చోటుండాలని ఆమెకు పట్టుకుంది. సంస్థ రిజిస్టరు చేయించింది. డైరెక్టరంటూ ఒకరు ఉండాలన్నారు. ఉన్నది తానొక్కతే కనుక తానే అయింది.

టైర్ల వ్యాపారికి కొట్టు వెనక ఒక రేకుల షెడ్డు ఉంది.

"నెలాఖరుకి పిల్లలొస్తే షెడ్డు నీదమ్మా. రాకపోతే నా టైర్లొస్తాయి," అన్నాడాయన.

సుద్దముక్క షెడ్డు ఊడ్చింది, సున్నం కొట్టింది, బోర్డు తానే రాసింది. సంస్థ పేరు చిన్నగా, కింద 'డైరెక్టర్' అని పెద్దగా వచ్చింది. పై అక్షరాలకు చోటు సరిగా అంచనా వేసుకోలేదు. మొదటి వారం వచ్చినవాళ్ళు ఇద్దరు: ఒక కుక్క, దాన్ని వెతుక్కుంటూ దాని యజమాని. అరుగు మీద పిల్లలు మాత్రం మెడలు తిప్పి చూసి మళ్ళీ బళ్ళవైపు తిరిగారు.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వ్యవహారం," అన్నాడు నాన్న. "బీమా ఆఫీసులో నీ కుర్చీ ఇంకా ఖాళీయేనట. టైర్లు రాగానే వెళ్ళి కూర్చో."

పక్కనే గుండీలు కుడుతున్న మేనత్తకు ఒళ్ళు మండింది. ఆవిడ దర్జీ. "డైరెక్టరంటే మాటలా అన్నయ్యా? నీ జన్మకి హెడ్ గుమాస్తావైనా అయ్యావా?"

మేనత్త నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాటి నుంచి కొలతలకు వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. "చెయ్యెత్తండి... మా మేనకోడలు డైరెక్టరైంది. అంతా కొత్త పిల్లల్నే తీసుకుంటుంది. తిరగండి."

అందులో ఒక్క అబద్ధమూ లేదు. కానీ మన చెవుల్లో డైరెక్టరు అన్న మాట పడ్డాక సినిమా గుర్తు రాకుండా ఉంటుందా?

నెలాఖరుకి ముందురోజు షెడ్డు ముందు చెప్పులు పెట్టడానికి చోటు లేదు. తల్లులు పిల్లల్ని పౌడరు పూసి మరీ లాక్కొచ్చారు.

"మావాడు ఎడమవైపు నుంచి హీరోయేనండీ. తిరగరా," అంది ఒకావిడ. నూనూగు మీసాల కుర్రాడు గోడవైపు తిరిగాడు.

"మాదానికి ఏడుపు బ్రహ్మాండంగా వస్తుంది. ఏడవ్వే," అంది ఇంకొకావిడ. పిల్ల ఏడవలేదు. "ఇంట్లో అయితే ఆపలేం, మీ దగ్గరే ఈ వేషాలు."

వ్యాపారి తొంగిచూశాడు. "నా కొట్టుకి కూడా ఇంత గిరాకీ ఎప్పుడూ రాలేదమ్మా. రేపొచ్చి తాళం ఇచ్చేస్తా."

సుద్దముక్కకు సంగతి బోధపడింది. పక్కనే నిలబడ్డ మేనత్తకు ముందే పడినట్టుంది. "రేపటిదాకా నోరు కుట్టేసుకో తల్లీ," అని చెవిలో చెప్పింది. "తాళం చేతికొచ్చాక నిజం ఎక్కడికి పోతుంది?"

మాట సబబుగానే ఉంది. కానీ ఆ పౌడరు మొహాలు చూస్తుంటే సుద్దముక్కకు బస్సు వెనక బిస్కెట్టు గుర్తొచ్చింది. లేని నవ్వు గీసే పని మానుకునే కదా ఇక్కడికొచ్చింది!

"సినిమా లేదండీ," అంది. "కెమెరా లేదు. రంగులున్నాయి, కాగితాలున్నాయి, ఒక పాత డోలుంది."

"మరి డైరెక్టరని రాశారు?"

"ఈ షెడ్డుకి."

"షెడ్డుకి డైరెక్టరా? చోద్యం."

తల్లులు లేచారు. పిల్లలు లేవలేదు.

"ఏడవక్కర్లేదా?" అని అడిగింది ఏడుపు పిల్ల.

"అక్కర్లేదు."

"అయితే ఉంటా." మీసాల కుర్రాడు అప్పటికే పంపు దగ్గర మొహం రెండువైపులా కడుక్కుని వచ్చి డోలు ముందు కూర్చున్నాడు. ఆ మోత విని అరుగు మీది పిల్లలు లోపలికొచ్చారు.

మర్నాడు వ్యాపారి, సినిమా లేదన్న సంగతి విని, అనుమానంతో బండి నిండా టైర్లు వేసుకునే వచ్చాడు. గుమ్మంలో తల్లులు చుట్టుముట్టారు. "నిన్నటి నుంచి పిల్లలకు ఇంట్లో కాలు నిలవడంలేదు, పిలిస్తే రారు. మీరైనా చెప్పండి."

ఆయన బుర్ర గోక్కున్నాడు. "పిల్లలు రాకపోతే టైర్లన్నాను. వచ్చినవాళ్ళు పోకపోతే ఏం చెయ్యాలో అనుకోలేదే." తాళం సుద్దముక్క చేతిలో పెట్టాడు. బండి మీది పాత టైర్లు కొన్ని దింపించుకుని పిల్లలు రంగులేశారు. కూర్చోవడానికి పీటలయ్యాయి.

ఆ సాయంత్రమే ఆమె బోర్డు మీద 'డైరెక్టర్' చెరిపేసి, ఆ పెద్ద చోటులో 'సుద్దముక్క' అని రాసింది. మేనత్త వారం రోజులు మాట్లాడలేదు. వచ్చిన హోదాని చేతులారా చెరుపుకుంటారా ఎవరైనా?

చెరిగింది బోర్డు మీదే. సబ్బుపెట్టె చూడవచ్చినవాళ్ళకు నాన్న ఇప్పుడు ఇంకో మాట కలిపి చెబుతున్నాడు. "మా అమ్మాయి డైరెక్టరండీ."

"ఏం సినిమా?"

"తీయదండీ," అంటాడు ఛాతీ విరుచుకుని. "అడిగినా తీయదు."