మూత పైడిరాజు

బీరువా తలుపు తీయగానే కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. దాని వెనకే వానాకాలపు బూజు వాసన. లోపల చెయ్యి పెడితే, మొదట తగిలిన కెమెరా పట్టు దగ్గరి రబ్బరు కరిగి బెల్లంపాకంలా వేళ్ళకి అంటుకుంది. విజయనగరంలో మా ఇంట్లో మనుషులం ఇద్దరం, కెమెరాలు పదిహేడు. "వాటిని నువ్వు వాడటం లేదు, అవే నిన్ను వాడుకుంటున్నాయి" అని మా ఆయన ఎన్నాళ్ళుగానో అంటున్నారు. మణికట్టు నొప్పి మొదలయ్యాక నాకూ ఆ మాట నిజమే అనిపించింది. అన్నీ వదిలించుకుని ఒక్కటి ఉంచుకుందామనుకున్నాను. ఆ ఒక్కటీ బీరువాలో ఉన్నవాటిలోది కాదు. కొత్తగా తెప్పించుకున్న రేంజ్‌ఫైండర్.

పాతవి తీసుకెళ్ళడానికి శ్రీకాకుళం నుంచి ఒక లెక్చరరు వచ్చారు. ఒక్కొక్కటే తిప్పి చూస్తూ పెట్టెల్లో సర్దించుకుంటున్నారు. "ఇన్ని కొన్నారు గానీ మేడమ్, వీటిలో ఒక్క రేంజ్‌ఫైండరూ లేదేంటి?" అని అడిగారు. భయమండీ, అన్నాను. ఆయన నవ్వారు. నేను సరదాకి అనలేదు.

కెమెరాల గొడవ తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. మామూలు పెద్ద కెమెరాలో మనం లెన్సులోంచే చూస్తాం. మూత తియ్యడం మరిచిపోతే అంతా చీకటి, వెంటనే నాలిక కరుచుకుంటాం. రేంజ్‌ఫైండర్‌కి లెన్సు వేరు, మనం చూసే అద్దం వేరు. పైన చిన్న కిటికీలా ఉంటుంది. లెన్సుకి మూత ఉన్నా కిటికీలోంచి లోకమంతా వెలుగుతూనే కనిపిస్తుంది. మీట నొక్కితే చప్పుడూ అవుతుంది. లోపల ఫిల్ము మీద మాత్రం ఏమీ పడదు. నాకు ఫోటోలు తియ్యడం నేర్పిన మాస్టారు దాన్ని కిటికీ కెమెరా అనేవారు. ఆయన పేరు పైడిరాజు. రామతీర్థం చుట్టుపక్కల ఊళ్ళలో మాత్రం ఆయన మూత పైడిరాజు. ఆ పేరు వెనకున్న తప్పు ఆయనది కాదు, నాది. ముప్ఫయ్యేళ్ళుగా నేను చెప్పని సంగతి అదే.

డిగ్రీ అయ్యాక ఆయన స్టూడియోలో చేరాను. పెళ్ళి సంబంధాలకి ఆడపిల్లల ఫోటోలు తీసేటప్పుడు పక్కన ఒక ఆడమనిషి ఉంటే తల్లులు నిశ్చింతగా ఉంటారని ఆయన నన్ను పెట్టుకున్నారు. చీర కుచ్చిళ్ళు సర్దడం, పెన్సిలుతో నెగెటివ్ మీద మొటిమలు మాపడం నా పని. ఒకసారి ఒక పిల్ల గడ్డం మీది పుట్టుమచ్చ అందానికి అడ్డమని పూర్తిగా మాపేశాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన ప్రింటు చేతిలోకి తీసుకుని, "మచ్చ తీసీసినావేటి? ఇంక ఇది ఎవులి పోటో? ఆల అమ్మకి సూపించు, గుర్తుపడతాదేమో" అన్నారు. మళ్ళీ మొదటినుంచి చేయించారు.

కోపం తక్కువ మనిషి, ఓపిక మరీ ఎక్కువ. కిటికీ కెమెరాలో ఎదుటి మనిషి మొదట రెండుగా కనిపిస్తాడు. రింగు తిప్పుతూ ఆ రెండు బొమ్మల్నీ ఒకదాని మీదికి ఒకటి తెస్తే దూరం లెక్క కుదిరినట్టు. నాకు అది కుదిరేసరికి కూర్చున్న ఆడపిల్లల మెడలు పట్టేసేవి. నేను కంగారు పడుతుంటే, "ఏల తొందర పార్వతమ్మా? ఆ గుంట ఇంకా పోటోకోసం నవ్వతన్నాది. కాసేపాగితే నిజంగా నవ్వుతాది" అనేవారు. ఆయన అన్నట్టే అయ్యేది. అప్పట్లో ఆ ఓపిక చూస్తే నాకు విసుగు వచ్చేదని ఒప్పుకోవాలి.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే లెన్సు మూత తీసి బల్ల సొరుగులో పడేసేవారు. సాయంత్రం కొట్టు కట్టేదాకా అది ఆ సొరుగు దాటకూడదు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కెమెరా వెళ్ళేది గానీ మూత వెళ్ళేది కాదు. దుమ్ము పడుతుంది కదా మాస్టారూ అంటే, "దుమ్ము తుడుసుకోవచ్చు" అనేవారు. అంతకంటే చెప్పేవారు కాదు. చదువుకున్నదాన్ని కదా, ఆ మాటలో ఉన్న కారణం నాకు తట్టలేదు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

రామతీర్థం దగ్గర ఒక ఊళ్ళో అప్పలనాయుడు అనే రైతు ఇంట్లో మనవరాలికి చెవులు కుట్టే వేడుక. నాయుడుగారికి ఊపిరితిత్తుల జబ్బు, మంచం పట్టి ఉన్నారు. ఆయనకి ఒక తమ్ముడు. పొలానికి నీళ్ళు కట్టే దగ్గర మాటా మాటా వచ్చి అన్నదమ్ములు పన్నెండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. నాయుడుగారి కూతురు గౌరమ్మ ఎవరెవరి కాళ్ళో పట్టుకుని చిన్నాన్నని ఆ వేడుకకి రప్పించింది. మేము బస్సు దిగగానే ఆవిడ మాకు ఎదురొచ్చి, "పిల్ల పోటోలు ఎన్ని తీసినా తియ్యకపోయినా పర్లేదు బాబూ. మా అయ్యకీ సిన్నాన్నకీ కలిపి ఒక్కటి తియ్యండి, సాలు" అంది.

కళ్ళం పక్కనే ఉంది. నూర్పుళ్ళ రోజులు, గాలికి పొట్టు లేచి వస్తోంది. నేను ఆ పొద్దున మాస్టారికి చెప్పకుండా మూత సంచీలో వేసుకుని వచ్చాను. తెలివైన పని చేశాననే అనుకున్నాను. చెవులు కుట్టడం అయ్యాక మాస్టారు కెమెరా నా చేతికిచ్చి మొహం కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళారు. పొట్టు పడకుండా నేను సంచీలోంచి మూత తీసి లెన్సుకి పెట్టాను. అంతలో తమ్ముడు లేచాడని కబురు. ఎక్కడ వెళ్ళిపోతాడోనని మాస్టారు మొహమైనా తుడుచుకోకుండా పరుగున వచ్చి నా చేతిలోంచి కెమెరా లాక్కున్నారు.

నాయుడుగారిని కుర్చీలో కూర్చోబెట్టారు. తమ్ముడు పక్కన నిలబడ్డాడు, కాస్త ఎడంగా. నాయుడుగారు చెయ్యి చాపి తమ్ముడి మణికట్టు పట్టుకున్నారు. తమ్ముడు చెయ్యి లాక్కోలేదు. మాస్టారు మూడుసార్లు మీట నొక్కారు. రీలు అయిపోయింది. కొత్తది వెయ్యమని కెమెరా నాకిచ్చి, ఆయన భోజనాల వైపు నడిచారు.

అప్పుడు చూశాను, మూత. లెన్సుకి బిగుసుకుని ఉంది.

తమ్ముడు ఇంకా వెళ్ళలేదు. పది గజాల దూరంలో విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. నేను మాస్టారి దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెబితే, ఆయన పరుగెత్తుకొచ్చి మళ్ళీ తీసేవారు. నేను వెళ్ళలేదు. చాటుగా మూత తీసి సంచీలో వేసుకుని, కొత్త రీలు ఎక్కించి, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తమ్ముడు చెయ్యి కడుక్కుని, సైకిలెక్కి వెళ్ళిపోవడం నా కళ్ళతో చూశాను. మూత పెట్టడం పొరపాటు. ఆ చూస్తూ ఊరుకోవడం మాత్రం పొరపాటు కాదు.

రీలుని విశాఖలో కడిగించి తెప్పించాక మాస్టారు దాన్ని వెలుగుకి పెట్టి చూశారు. చివరి మూడు గడులూ ఖాళీ. ఆయన వెళ్ళి బల్ల సొరుగు తెరిచారు. మూత అందులోనే ఉంది, నేను తిరిగి పెట్టేశాను కదా. కాసేపు దాని వైపు చూసి సొరుగు మూశారు. మూత తనంతట తాను బస్సెక్కి రామతీర్థం రాదని ఆయనకి తెలియదా? తెలుసు. నా వైపు మాత్రం చూడలేదు.

"కడిగినవాళ్ళే పాడుచేశారని చెబుదాం మాస్టారూ" అన్నాను. ఆ మాట అన్నది కూడా నేనే.

"కిటికీలోంచి సూసిన కన్ను ఎవులిది? నాది. ఇంక ఆల మీదా ఈల మీదా ఏల?" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆ ఊరు వెళ్ళాం. వాకిట్లో పదిమంది ఉన్నారు. మాస్టారు చెప్పులు విడిచి, మంచం పక్కన నిలబడి, "నాయుడుగారూ, మూత తియ్యకుండా తీసీసినాను. పోటో పడనేదు. తప్పు నాదే" అన్నారు. ఆయన వెనక నేను నిలబడి ఉన్నాను. నాయుడుగారు ముందు నవ్వారు, తర్వాత దగ్గారు. "ముప్పయ్యేళ్ళ నుంచి తీస్తన్నావు, మూత ఉన్నాదో నేదో సూసుకోనేదేటయ్యా?" అన్నారు. గౌరమ్మ నవ్వలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారు అక్కణ్ణుంచి తమ్ముడి ఇంటికి వెళ్ళారు. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు వెళ్ళారు. "ఒకపాలి వచ్చి నిలబడ్డాను. అది పడనేదంటే ఆ దేవుడికే ఇష్టం నేదు. ఇంక నన్నొగ్గీండి" అన్నాడట తమ్ముడు. రెండు నెలలు తిరక్కుండా నాయుడుగారు పోయారు.

కుండ మూతికి మూకుడుంది గానీ ఊరి నోటికి మూకుడు లేదంటారు. ఆ ఏటినుంచి మాస్టారు మూత పైడిరాజు అయిపోయారు. ఏ పెళ్ళికి వెళ్ళినా పందిట్లోంచి ఎవరో ఒకరు, "బాబూ, మూత తీసినారా?" అని అరిచేవారు. ఆయన కెమెరాని అందరి వైపూ తిప్పి లెన్సు చూపించి, "తీసాను, సూసుకోండి" అనేవారు. జనం నవ్వేవారు. ఆ నవ్వులోనే ఫోటో తీసేసేవారు. ఫోటోలు బాగానే వచ్చేవి. నేను పక్కన లైటు పట్టుకుని నిలబడేదాన్ని. చెబుదామని రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. ఆయన ఏదో ఒక పని పురమాయించేవారు. నన్ను చెప్పనివ్వకూడదనే అలా చేశారో, నాకు చెప్పాలని లేక అలా అనుకున్నానో ఇప్పుడు తేల్చుకోలేను.

తర్వాత నాకు సొంత స్టూడియో, పేరు, కెమెరాలు అన్నీ వచ్చాయి. కొన్నవన్నీ లెన్సులోంచి చూసేవే, మూత ఉంటే ముందే చెప్పేసేవే. మాస్టారు పోయినప్పుడు శ్మశానం నుంచి తిరిగి వస్తున్నవాళ్ళలో ఒకాయన దారిలో ఎదురైనాయనకి చెప్తుంటే విన్నాను, "మన మూత పైడిరాజు పోయాడు" అని. ప్రేమగానే అన్నాడు. నేను ఆ రోజు కూడా నోరు విప్పలేదు.

పోయిన నెలలో, కొత్త కెమెరా చేతికి వచ్చాక, ముందు ఆ ఊరికే వెళ్ళాను. గౌరమ్మ జుట్టు నెరిసింది గానీ నన్ను పోల్చుకుంది. అరుగు మీద కూర్చోబెట్టింది. నేను ఇంకేం మాట్లాడకుండా, ఆ రోజు మూత పెట్టింది నేనని, తర్వాత చూసి కూడా మీ చిన్నాన్న వెళ్ళేదాకా చెప్పలేదని అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవాలనే వెళ్ళాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఓలమ్మ! పోయినాయన తప్పు మీ మీద ఏసుకోడానికి ఇంత దూరం వచ్చినారేటి? గురువంటే ఇంత పేణం ఎవులికుంటాది ఈ రోజుల్లో?"

"కాదు గౌరమ్మగారూ, నిజంగా నేనే."

"మా కళ్ళతో సూసినామమ్మా. ఆయనే వచ్చి, ఇదిగో ఇక్కడే నిలబడి సెప్పినాడు. అబద్ధమాడే మనిషేటి ఆయన?"

సొరుగు సంగతి చెప్పాను. సంచీ సంగతి చెప్పాను. నేను ఎంత చెబితే ఆవిడ కళ్ళు అంత చెమ్మగిల్లాయి, నా మంచితనానికి. ఆ మాట ఆ రోజే చెప్పి ఉంటే నాకు అవమానం దక్కేది, వాళ్ళకి ఫోటో దక్కేది. ఇప్పుడు చెబితే నాకు మెప్పు దక్కింది. ఇంత సిగ్గు నా జన్మలో ఎరగను. టీ ఇచ్చింది, తాగాను. కోడళ్ళనీ మనవల్నీ పిలిచి నా పక్కన నిలబెట్టింది. వీధిలో పోతున్న ఒకావిడ ఆగి, "ఎవులే ఈయమ్మ?" అని అడిగింది.

"మన మూత పైడిరాజుగారి సిస్యురాలు" అంది గౌరమ్మ గొప్పగా.

వీధిలో ఆగినావిడ నా వైపు తిరిగి, "అవునేటమ్మా?" అంది.

అవునన్నాను.