ఖాళీ కుర్చీలో కూర్చున్న నాడు

గల్ఫ్‌లో నేను పనిచేసిన స్టేడియం గురించి మా ధరూర్ మండలంలో ఎవరైనా అడిగితే, మాట మార్చి పత్తి రేటు అడుగుతాను. నేను కట్టింది కూడా ఏమంత లేదు. కుర్చీలకు బోల్టులు బిగించానంతే. అలాంటి కుర్చీలో ఒకరోజు కూర్చున్నందుకే నాకీ సిగ్గు.

ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీలు అయ్యేదాకా ఎవరికీ సెలవుల్లేవని మా కంపెనీ చెప్పేసింది. సరిగ్గా అప్పుడే ఊళ్లో మా అన్న గుండెనొప్పితో పోయాడు. అన్నకు పిల్లల్లేరు. తలకొరివి పెట్టాల్సింది నేనే. సూపర్‌వైజర్‌ను ఎంత బతిమాలినా వదల్లేదు. చివరికి వదినే కుండ పట్టుకుని ముందు నడిచిందట.

దినాల నాడు పొద్దున, క్షవరం చేయడం వచ్చిన ఒకాయనతో క్యాంపులోనే గుండు చేయించుకున్నాను. కుళాయి కింద స్నానం చేసి అన్న పేరున నీళ్లు వదిలాను. అంతకన్నా ఏం చేయాలో తోచలేదు.

ఆ మధ్యాహ్నమే బస్సొచ్చింది. స్టేడియంలో కుర్చీలు ఖాళీగా కనబడితే పరువు పోతుందట, అందుకని క్యాంపులో ఉన్నవాళ్లందరినీ ఎక్కించారు. ఏ దేశానిదో తెలియని జట్టు చొక్కా తొడిగారు. బుగ్గలకు రంగు పూశారు. సూపర్‌వైజర్ నా గుండు చూసి మొహం చిట్లించి, ఆకుపచ్చ ఉంగరాల జుట్టు విగ్గొకటి తెచ్చి నెత్తిన పెట్టాడు. వద్దంటే వినలేదు.

మొదట ఏడుపు దిగమింగుకుని చప్పట్లు కొట్టాను. తర్వాత ఏమైందో ఏమో, ఆట నన్ను పట్టుకుంది. మా జట్టు గోల్ కొట్టింది. అప్పటికే అది మా జట్టైపోయింది మరి. నేను గంతులేశాను, ఈలేశాను. పక్కనున్న తిమ్మాజిపేట దోస్తు దాన్ని ఫోన్లో తీసి మా పాలమూరోళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దినాల భోజనాలకు వచ్చిన చుట్టాలు ఇంకా మా ఇంట్లో ఉండగానే అది ఊరు చేరింది.

పోటీలు ముగిశాక ఇంటికొచ్చాను. వదినకు మొహం చూపించలేక గడప దగ్గరే నిలబడిపోయాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె చెంబుతో నీళ్లిచ్చింది.

"నీ మీద శాన మాటలన్నరు. అన్న దినాలైతుంటే వాడాడ తైతక్కలాడుతుండు అన్నరు. నేనెవ్వల్ని ఇడిచిపెట్టలే" అంది. ఫోన్ తీసి వీడియో పెట్టి, ఒకచోట ఆపి నా ముందుకు చాపింది. "గిది జూపిచ్చిన. జూడుర్రి, గుండు జేయించుకున్నడు, నా మరిది అన్నను మరువలే అని అందరి నోళ్లు మూపిచ్చిన."

చూశాను. గంతు వేసినప్పుడు విగ్గు పక్కకు జారింది. కింద నున్నటి గుండు. నోరంతా తెరిచి నవ్వుతున్నాను. సరిగ్గా ఆ క్షణాన నాకు అన్న లేడన్న సంగతే గుర్తు లేదు.

ఆ మాట నోటిదాకా వచ్చింది.

"అవ్ వదినె, మరువలే" అన్నాను.