టీచరమ్మ ముక్కాలి యంత్రం

మా టీచరమ్మ పోయిందని ఆమె కూతురు కుప్పం నుంచి ఫోన్ చేసినప్పుడు నేను మదనపల్లెలో నా వెల్డింగ్ షాపులో ఒక గేటుకు కడ్డీలు అతికిస్తున్నాను. "అన్నా, అమ్మ లేదు" అని ఒక్క మాటే చెప్పింది. పొద్దున కాఫీ తాగి మంచం మీద కూర్చుందట, ఊపిరి అందలేదట, ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందట. ఫోన్ పెట్టేసి నేను మళ్ళీ గేటు పనిలో పడ్డాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. గేటు కోసం వచ్చినాయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఆయనకు ఏం చెప్పాలో తోచలేదు. గేటు ఆటోకెక్కించి పంపిన తర్వాతే షట్టర్ దించి, లోపల చీకట్లో కూర్చుని ఏడ్చాను.

సదుం పక్కన మా పల్లెలో ఆమె ముప్పై ఏళ్ళకు పైగా చదువు చెప్పింది. ఐదో తరగతి దాకా నాకు లెక్కలు నేర్పింది ఆమే. లెక్క తప్పితే పలక మొత్తం తుడవనిచ్చేది కాదు. "యాడ తప్పినావో ఆడికి పో. ముందరుండేది బాగనే ఉండాది గదా, దాన్ని యాల తుడిసేది?" అనేది. మేము పలక మీద ఉమ్మేసి చేత్తో రుద్దేద్దామని చూసేవాళ్ళం, ఆమె మణికట్టు పట్టుకునేది. దెబ్బ కొట్టినట్టు నాకు జ్ఞాపకం లేదు గానీ ఆ పట్టు మాత్రం గట్టిది.

ఆ పట్టు వల్లే నేనీరోజు బతికున్నాను. ఇది మాట వరసకు అంటున్నది కాదు.

తొమ్మిదేళ్ళ కిందట, వేసవిలో, ఆమె తమ్ముడి బావిలో మోటరుకు కట్టిన మోకు తెగి మోటరు అడుగున బురదలో పడింది. పాత దిగుడు బావి, నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. మోకు మళ్ళీ కట్టి వస్తానని తమ్ముడు దిగాడు. దిగినవాడు పలకలేదు. పక్క పొలం ఆయన గబగబా దిగాడు, ఆయనా సగం మెట్ల దగ్గరే ఒరిగిపోయాడు. బావిలో గాలి చెడిపోయిందని గట్టు మీద ఉన్న ఎవరికీ తట్టలేదు. నేను అప్పుడు పల్లెలోనే ఉన్నాను. చెప్పులు విడిచి మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. టీచరమ్మ వెనక నుంచి నా చొక్కా కాలర్ పట్టుకుంది. గుంజుకున్నాను, తిట్టాను కూడా. చొక్కా చినిగింది గానీ ఆమె వదల్లేదు. లోపల ఉన్నది ఆమె సొంత తమ్ముడు.

చాలా రోజుల తర్వాత ఒకసారి తానుగా ఆ మాట ఎత్తింది. "మొదుటోడు మోటర్ కోసరం దిగినాడు. రెండోవాడు మొదుటోని కోసరం దిగినాడు. మూడోవాణ్ణి నేను పట్టుకున్న్యా. నాకు చేతనైంది అంతే అప్పా" అనింది.  

రిటైరైనాక ఆమె పుంగనూరులో రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండేది. ఒకసారి కుప్పం పోయినప్పుడు మనవరాలు ఆడి వదిలేసిన డబ్బా ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కుమని పట్టుకునే ప్లాస్టిక్ ఇటుకలు, పళ్ళున్న చక్రాలు, ఇరుసులు, బ్యాటరీతో తిరిగే చిన్న మోటరు. డబ్బాలో బొమ్మ ఎట్లా కట్టాలో చూపించే పుస్తకం కూడా ఉండింది. అందులో ఉన్నది రేసు కారు. ఆమె ఆ పుస్తకం పక్కన పెట్టి మొట్టమొదట తిరగలి కట్టింది. మోటరు తిరిగితే పై రాయి తిరిగేది, పిండి ఒక్కటే తక్కువ. ఆ తర్వాత ఊగే ఉయ్యాల. ఈ వయసులో బొమ్మలాటలేంది టీచరమ్మా అని వీధిలోవాళ్ళు ఎగతాళి చేస్తే, చిన్నప్పుడు ఎవరూ కొనియ్యలేదులే అని నవ్వేది.

ముక్కలను ఆమె పోపుల డబ్బాలో సర్దుకునేది. ఆవాల గిన్నెలో చిన్న చక్రాలు, జీలకర్ర గిన్నెలో పిన్నులు. ఎంత కడిగినా ఆ చక్రాలకు మెంతుల వాసన పోలేదు. నేను వారానికొకసారి మదనపల్లె నుంచి పోయి చూసి వచ్చేవాణ్ణి. మూడోసారో నాలుగోసారో పోయినప్పుడు చాప మీద ఒక కుండ ఉంది, దాని మూతి ఒక పక్క పగిలి ఉంది. దాని మీద మూడు కాళ్ళ యంత్రం నిలబడి ఉంది. పైన మోటరు, మోటరు కింద దారం చుట్టిన కప్పీ, దారం కొసన సేఫ్టీ పిన్నులు వంచి చేసిన గాలం, బిందె బావిలో పడితే వేసే గాలం లాంటిదే. కుండ అడుగున గోలీల మూట. ఆమె బటన్ నొక్కింది. గాలం దిగింది, మూటను తగులుకుంది, పైకి తెచ్చింది. మనిషి దిగే పని లేదు. అది ఏ బావో, ఆ మూట ఏ మోటరో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అదంత సులభంగా కుదరలేదు. మొదట్లో బ్యాటరీ ఆపేస్తే మూట దభీమని కింద పడేది. మన పల్లెల్లో కరెంటు సంగతి ఆమెకు తెలియనిదా? "మద్దెలో కరెంటు పోతే ఏమౌతుంది? అది సూడు ముందు" అని ఆరు వారాలు దాని మీదే కూర్చుంది. చివరకు ఒక వార్మ్ గేరు పెట్టింది. అది మోటరు తిప్పితే తిరుగుతుంది గానీ బరువు లాగితే తిరగదు. ఐటీఐలో నాకు చెప్పినా తలకెక్కని సంగతి డెబ్బై ఏళ్ళ మనిషి చాప మీద కూర్చుని తానుగా కనుక్కుంది. ఇంకొకటి, కాళ్ళు. ఏ బావి గట్టూ సమంగా ఉండదని ఆమె లెక్క. అందుకే ఏ కాలికి ఆ కాలు ఇటుకలు తీసి పొట్టి చేయొచ్చు, పెట్టి పొడుగు చేయొచ్చు. కుండ మూతి పగలగొట్టింది కూడా అందుకే.

"ఇది ఇనుముతో చేసిస్తావా?" అని అడిగింది. చేసిస్తానన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగా చేయాలనే అన్నాను.

ఈలోగా కుప్పంలో రైతుల మీటింగు పెడతారని కూతురు కబురు చేసింది, యంత్రం అక్కడ చూపించొచ్చని. బస్సులో పోవాలి. పెట్టుకుపోవడానికి ఇనుప ట్రే చేసిమ్మని టీచరమ్మ ఆ బొమ్మ యంత్రాన్ని నా షాపుకు పంపింది. ట్రే చేశాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆ గుంతల రోడ్డులో ఊగి ఊగి ముక్కలు ఊడిపోతాయేమోనని భయపడి, అతికించడం తప్ప వేరే తెలియని నా చేతులతో, ప్రతి అతుకులోనూ గమ్ వేశాను. బండలాగా తయారైంది. నాకు నేనే శభాష్ అనుకున్నాను. ఆమెకు ముందే చెబితే వద్దంటుందేమోనని అనిపించి చెప్పలేదు.

మీటింగుకు నేనూ వెంట పోయాను. ఆమె పగిలిన కుండను బల్ల మీద పెట్టింది. గుడుపల్లె వైపు నుంచి వచ్చిన రైతులు ముందుకు జరిగారు. వాళ్ళలో ఒకాయన అన్నను అట్లాంటి బావిలోనే పోగొట్టుకున్నాడట, ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. టీచరమ్మ కాలు పొట్టి చేయబోయింది. ఇటుక రాలేదు. గోటితో తీసింది, రాలేదు. నా వైపు చూసింది. సరే అని అట్లాగే నిలబెట్టి బటన్ నొక్కింది. గమ్ ఇరుసులోకి కారి బిగుసుకుపోయింది కాబోలు, మోటరు మూలిగింది గానీ తిరగలేదు. యంత్రం ఒక పక్కకు ఒరిగి కుండతో సహా కింద పడింది. వెనక వరసలో నవ్వారు. వేదిక మీదున్న పెద్దమనిషి బొమ్మ చాలా బాగుంది మేడమ్ అని చప్పట్లు కొట్టించాడు. అన్నను పోగొట్టుకున్న రైతు లేచి కుండ పెంకులు ఏరిచ్చి, టీ తాగడానికి పోయాడు.

 తిరుగు బస్సు పలమనేరులో ఆగినప్పుడు చెప్పింది. "గట్టిగా ఉండాలని చేసినావు, నాకు తెలుసు. మనకు కావాల్సింది గట్టిది కాదప్పా. తప్పు కనబడితే ఇప్పేదానికి రావాల." ఆ తర్వాత నా చేతిలో ఒక అరటిపండు పెట్టింది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. వేడినీళ్ళలో నానబెట్టి, మేకుతో గీకి, విడిపోయినవాటిని విడదీసింది. విడిపోనివాటిని ఊరగాయ సీసాలో వేసి కిటికీలో పెట్టింది. అవి ఎక్కువగా కాళ్ళకు వాడిన పొడుగు ఇటుకలే. అట్లాంటివి మదనపల్లెలో వెదికాను, దొరకలేదు. ఆ సీసాను చూడలేక నేను పుంగనూరు పోవడం తగ్గించాను. ఫోన్‌లో ఇనుప యంత్రం మొదలుపెట్టావా అని అడిగేది. వచ్చే వారం అనేవాణ్ణి. గేట్లు, గ్రిల్లులు, రేకుల షెడ్లు ఎన్నో చేశాను ఆ ఏడాది. దాన్ని మాత్రం ముట్టలేదు. పాడుచేసినవాడి చేతికే మళ్ళీ ఆ పని ఇస్తున్నదే అనే సిగ్గు ఒకటి, దాని వెనక ఒట్టి బద్ధకం ఒకటి. ఏది ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

ఊపిరితిత్తులు దెబ్బతిని కుప్పంలో కూతురి ఇంటికి మారినప్పుడు చూడబోయాను. ముక్కుకు గొట్టం ఉంది. మాట మాటకూ ఆగుతోంది. "బాయిలోకి ముందు దీపం దించల్ల, మర్సిపోవాకు. అది ఆరిపోతే మనిషి దిగకూడదు" అనింది. మనకు తెలియని సంగతేం కాదు అది, మా తాతల కాలంలో అందరూ చేసిందే, మోటర్లు వచ్చినాక మరిచిపోయాం. తర్వాత గొట్టం చూపించి, "నా దీపం ఇంగా ఎలగతానే ఉండాది" అని నవ్వబోయి దగ్గింది. వచ్చే వారం మొదలుపెడతానని అప్పుడూ అన్నాను. ఆ వారంలోనే పోయింది.

పదకొండో రోజు కూతురు నన్ను లోపలి గదిలోకి పిలిచింది. మంచం పక్క స్టూలు మీద యంత్రం ఉంది. రెండు కాళ్ళు నిలబడి ఉన్నాయి. మూడో కాలు సగంలో ఆగిపోయింది, దాని కింద ఒక లెక్కల పుస్తకం ఆనించి ఉంది. ముక్కలు చాల్లేదన్నా అనింది కూతురు. కిటికీలో ఊరగాయ సీసా ఉంది. పుంగనూరు నుంచి దాన్ని కూడా తెచ్చుకుంది, ఎప్పుడైనా ఊడి వస్తాయని.

నేను చేసిన నష్టం అదీ, ఆ పుస్తకమంత ఎత్తు. ఆమె ఉండగా నన్ను క్షమించమని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు ఎవరిని అడగాలి?

మరుసటి రోజు నుంచి షాపులో వేరే పని ముట్టలేదు. ఇనుప కాళ్ళకు జానెడుకొక రంధ్రం వేసి, బోల్టులతోనే బిగించాను. ఒక్క చోట కూడా వెల్డింగ్ పెట్టలేదు. పాత వార్మ్ గేరు బాక్సు ఒకటి, దాన్ని తిప్పే కరెంటు మోటరు ఒకటి పట్టుకొచ్చి పైన కూర్చోబెట్టాను. నెల తిరక్కముందే టెంపోలో వేసుకుని మా పల్లెకు పోయాం. ఆ బావిలో ఆ మోటరు తొమ్మిదేళ్ళుగా అక్కడే పడి ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు. గట్టు ఒక పక్క విరిగిపోయి ఉంటే ఆ పక్క కాలు నాలుగు రంధ్రాలు పొడుగు చేశాను.

ముందు దీపం దించాం. పదిహేను అడుగుల దగ్గర ఆరిపోయింది. గట్టు మీద ఇరవై మంది దాకా ఉన్నారు. రెండోవాడిగా దిగి ప్రాణం పోగొట్టుకున్నాయన భార్య కూడా వచ్చి దూరంగా నిలబడింది. గాలం దించాం. నాలుగైదు సార్లు ఒట్టిదే వచ్చింది, తర్వాత బరువు తగిలింది. మోకు బిగిసింది, యంత్రం లాగింది. తుప్పు పట్టిన మోటరు బురద కార్చుకుంటూ చీకట్లో నుంచి సగం దాకా వచ్చేసరికి కరెంటు పోయింది.

అందరూ ఒక్కసారిగా వెనక్కి జరిగారు. నా చెయ్యి దానంతటదే చొక్కా కాలర్ మీదికి పోయింది. మోటరు జారలేదు. ఒక్క అంగుళం కూడా దిగలేదు. మేమందరం గట్టు మీద కూర్చుని కరెంటు కోసం చూస్తూ ఉంటే, అది బావి నడుమ అట్లాగే వేలాడుతూ, అడుగునున్న నీళ్ళలోకి ఒక్కొక్క చుక్కా బురద రాలుస్తూ ఉండింది.