పాప నెత్తికి అతుక్కున్న గాజుగుడ్డ

మా పాపకు పుట్టుకతోనే నడినెత్తిన చింతగింజంత మేర చర్మం లేదు. ఎర్రటి పల్చని పొర మాత్రం ఉండాది. అనంతపురంలో డాక్టరమ్మ స్కానింగ్ తీయించి, లోపల ఎముక బాగుండాది, ఆపరేషన్ అక్కర్లేదు, చుట్టూ ఉన్న చర్మమే మెల్లగా కమ్ముకుంటాది అని చెప్పి నిన్న ఇంటికి పంపింది. రోజూ మందు పూసి కట్టు మార్చాలంట. చీము పడితే మాత్రం ప్రమాదమంట.

ఈ పొద్దు తాడిపత్రిలో మా ఇంట్లో మొదటిసారి నేనే కట్టు విప్పినా. గాజుగుడ్డ పుండుకు అతుక్కోని ఉండాది. కొంచెం లాగేసరికి పాప కెవ్వుమనింది. ఎముక ఉన్నా దాని కింద ఉండేది మెదడే కదా అనుకునేసరికి నాకు చెయ్యాడలేదు. మాయమ్మ పసుపు తెచ్చింది.

"ఇంత పసుపు అద్దురా, మానిపోతాది."

"వద్దుమా, డాక్టరమ్మ ఇంకేమీ పెట్టొద్దనింది."

"మరి నువ్వు లాగితే నెత్తురు రాదా?"

గోడ తట్టు తిరిగి ఏడుస్తాండే నా భార్య అప్పుడు నోరు తెరిచింది. "లాగొద్దు. సెలైన్ పోసి నానబెట్టమని చెప్పినారు కదా."

భయానికి ఆ మాటే మర్చిపోయినా. చుక్క చుక్క పోస్తా కూర్చున్యాం. గుడ్డ దానంతటదే ఊడొచ్చింది. నెత్తురు రాలేదు. కొత్త కట్టు కట్టేలోపల పాప నిద్రపోయింది.

నేను పనిచేసే బండలు కోసే మిషన్ కాడ గూడా ఏనాడూ ఇంత భయపడలేదు. రేపు మళ్లీ విప్పాల. ఇట్లాంటి బిడ్డను సాకినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండప్పా, ఈ భయం ఎన్నాళ్లకు పోతాది?