దుమ్ము తగ్గేదాకా

రెంటచింతల చర్చి ఆవరణలో ఒక చిన్న డిస్పెన్సరీ ఉండేది. దానికి కాంపౌండరు ప్రభుదాసు. జ్వరాలకు మందు కలపడంలో, పుండ్లు కడిగి కట్టు కట్టడంలో చేయి తిరిగినవాడు. రోడ్డు మీదకొస్తే మాత్రం పిరికివాడు. సైకిలు మీద పోతూ ఎదురుగా ఎడ్లబండి కనిపిస్తే దిగి, చిల్లచెట్ల పక్కన నిలబడి, అది దాటిపోయాక మళ్ళీ ఎక్కేవాడు. నాగార్జున సాగరు ఆనకట్ట కడుతున్న రోజుల్లో అలాంటి మనిషి నెత్తిన ఒక మోటారు సైకిలు వచ్చి పడింది.

ఊరి ఫాదరు గారు మరో ఊరి చర్చికి బదిలీ అయిపోతూ తన మోటారు సైకిలు తాళం తెచ్చి ప్రభుదాసు చేతిలో పెట్టారు. "డాక్టరు కావాల్సి వచ్చినప్పుడల్లా బస్సు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటున్నాం. ఇక మీదట నువ్వే పోయి తీసుకురా" అన్నారు. ఫాదరు గారి మాటకు ఎదురు చెప్పడం ప్రభుదాసుకు చేతకాలేదు. తాళం జేబులో వేసుకుని ఇంటికి నడిచాడు.

అతని భార్య సారమ్మ ఆ తాళం చూసి పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. ఆమె తమ్ముడు అంతోని అంతకు ముందు ఏడే మాచర్ల రోడ్డు మీద పోయాడు. నాపరాళ్ల లారీ వెనక సైకిలు తొక్కుతూ, ఆ దుమ్ము భరించలేక పక్కకు తీసి దాటబోయాడు. ఎదురుగా వస్తున్న సిమెంటు లారీ అతనికి కనపడలేదు, అతను ఆ లారీవాడికి కనపడలేదు. శవాన్ని కడిగి బట్ట కప్పింది ప్రభుదాసే.

"ఆ రోడ్డు నా తమ్ముణ్ణి తిన్నది. ఇంకా ఆకలి తీరలేదంటా దానికి?" అంది సారమ్మ.

"నేర్చుకోకపోతే ఫాదరు గారు ఏమనుకుంటారే?"

"ఆయన పోతన్నాడుగా. ఉండేది మనం."

ఫాదరు గారి మాట ఈయన కాదనలేడని రెండు రోజుల్లో ఆమెకు అర్థమైపోయింది. మూడో నాడు సారమ్మే కొంగు బిగించి, ఆయన్ను వెంటబెట్టుకుని రైలెక్కి మాచర్ల పోయింది. బస్టాండు పక్కన మన్సూర్ షెడ్డు ఉంది. మన్సూర్ ఆనకట్ట పనుల్లో లారీలు బాగుచేసిన మెకానిక్కు. చేతులు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. మాట కటువు.

"అన్నా, ఈయనకి బండి నేర్పు. నేర్చేసుకున్నానని ఈయన చెబితే నేను నమ్మను. నువ్వు చెప్పాలి. అందాకా రోడ్డెక్కనీయొద్దు" అంది సారమ్మ.

మన్సూర్ ప్రభుదాసును ఎగాదిగా చూసి "సరే చెల్లీ" అన్నాడు. ఆ సాయంత్రమే రెంటచింతల వచ్చి బండిని షెడ్డుకు తోలుకుపోయాడు.

ప్రతి ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ప్రభుదాసు మాచర్ల పోయేవాడు. మొదట ఊరి బయట కోత అయిపోయిన జొన్న చేలో మన్సూర్ నేర్పాడు. కిక్కు కొట్టడం, క్లచ్చు మెల్లగా వదలడం, గేరు మార్చడం, పడ్డప్పుడు కాలు బండి కింద పడకుండా లాక్కోవడం. చేలో ప్రభుదాసుకు బాగానే వచ్చింది. అడ్డం వచ్చేది ఏదీ లేదు మరి. పడ్డా మెత్తటి మట్టే. ఒకరోజు మన్సూర్ వెనక సీట్లో కూర్చుని "ఇక బజారుకి పోనీ" అన్నాడు.

ఆ రోజు సంత. పత్తి బండ్లు, మిరపకాయ బస్తాల బండ్లు, జట్కాలు, తలమీద గంపలు పెట్టుకున్న ఆడవాళ్ళు, మధ్యలో గొర్రెల మంద. ప్రభుదాసు చెవుల్లో తన గుండె కొట్టుకోవడమే వినిపిస్తోంది. బజారు సగం దాటాడో లేదో వెనక బస్సు వచ్చి హారను మోగించింది. దారి ఇవ్వాలన్న కంగారులో క్లచ్చు పట్టాల్సిందిపోయి యాక్సిలేటరు తిప్పేశాడు. బండి ఒక్కసారిగా బొబ్బరించింది. పక్కనే ఉన్న ఎడ్లు బెదిరి, కాడి ఎగరేసుకుని, బండిని ఈడ్చుకుంటూ పరుగెత్తాయి. రోడ్డు అంచున చింతపండు అమ్ముకుంటున్న ముసలమ్మ మీదకే పోయాయి. ఎవరో ఆమె రెక్క పట్టి లాగారు. బండి చక్రం ఆమె గంప మీదుగా ఎక్కి దిగింది.

ఎడ్లను ఆపి పగ్గాలు పట్టుకుని తిరిగొచ్చాడు బండి తోలే కృష్ణయ్య. "ఏందయ్యా, కళ్ళు నెత్తికెక్కినయ్యా? ఆ ముసలిది చస్తే నువ్వు బతికిస్తావా?" అని మీదకొచ్చాడు.

మన్సూర్ వెనక నుంచి చెయ్యి చాపి ఇంజను ఆపేశాడు. "దిగు. చింతపండు ఏరు" అన్నాడు. నడి బజారులో అందరూ చూస్తుండగా కాంపౌండరు మోకాళ్ళ మీద కూర్చుని మట్టిలోంచి చింతపండు ఏరాడు. ముసలమ్మ తిట్టలేదు. తనూ పక్కన కూర్చుని ఏరసాగింది. ఆమె అలా ఊరుకోవడమే అతన్ని ఎక్కువ కోసేసింది.

షెడ్డుకు వచ్చాక తాళం బల్ల మీద పెట్టి, "నా వల్ల కాదు మన్సూర్ భాయ్" అన్నాడు.

"చేతులు చూపించు."

చూపించాడు. ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

"అట్టా వణకాల. వణక్కపోతే నేనే నీ తాళం లాక్కునేవాణ్ణి" అన్నాడు మన్సూర్. "నీకు బండి వచ్చు. రోడ్డు రాదు. వచ్చే ఆదివారం కాడ్నుంచి బండి ముట్టుకోబాక."

ఆ తరువాత కొన్ని వారాలు ప్రభుదాసు షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని బజారు చూశాడు. చూడటమే పాఠం. మన్సూర్ లోపల పని చేసుకుంటూనే అడిగేవాడు. "ఆ జట్కా ఇప్పుడేం చేస్తది?" "ఆ గంప దించుకున్న ఆడమనిషి ఎటు నడుస్తది?" "ఆ కోడెగిత్త బెదిరేదా, కాదా?" మొదట్లో ప్రభుదాసు చెప్పినవన్నీ తప్పాయి. పోనుపోను కుడిపక్క ఎద్దు చెవులు నిక్కబొడవడం, బస్సు దిగిన మనిషి వెనక్కి చూడకుండా రోడ్డు దాటడం, నిలబడ్డ లారీ కింద నుంచి క్లీనరు కాళ్ళు బయటికి రావడం అతని కంటికి ఆనడం మొదలైంది. మళ్ళీ బండి ఇచ్చాక మన్సూర్ వెనక కూర్చుని ఒక్కటే మాట అనేవాడు: "కనపడిందా? కనపడితేనే పో. కనపడకపోతే రోడ్డు లేదనుకో."

చివరికి ఒక ఆదివారం మన్సూరే వెనక కూర్చుని రెంటచింతల వచ్చాడు. సారమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "చెల్లీ, ఇక నీ ఇష్టం" అన్నాడు. ఆమె మజ్జిగ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది.

వేసవి ముదిరింది. రెంటచింతల ఎండ సంగతి చెప్పేదేముంది, మిట్టమధ్యాహ్నం కుక్క కూడా వీధిలోకి రాదు. అలాంటి వేళ దర్జీ ఖాసిం చెప్పులు లేకుండా డిస్పెన్సరీకి పరుగెత్తుకొచ్చాడు.

"దాసన్నా, కుల్సుంకి తెల్లారగట్ల నుంచీ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంట. మంత్రసాని తన చేతిలో లేదంటంది."

ప్రభుదాసు పోయి చూశాడు. కుల్సుం పెదాలు పాలిపోయి ఉన్నాయి. ఆ స్థితిలో ఆమెను ఎడ్లబండిలో వేసి కదిలించే వీలు లేదు. మాచర్ల బస్సు వెళ్ళిపోయింది, రైలు సాయంత్రానికి గాని లేదు. మాచర్ల సర్కారు ఆస్పత్రిలో నర్సు గ్రేసమ్మ ఉంది. అడ్డం తిరిగిన బిడ్డల్ని సరిచేసి తీయడంలో ఆమెకు పేరు. ఆమెను తీసుకురావాలి.

బండి బయటికి తీస్తుంటే సారమ్మ వచ్చింది. ఒక తడిగుడ్డ అతని తలకు చుట్టి, ముడి వేసి, "పో" అంది.

పోయేటప్పుడు రోడ్డు మీద పెద్దగా ఏమీ లేదు. వడగాలి మొహాన కొడుతుంటే కళ్ళు చికిలించుకుని పోయాడు. గ్రేసమ్మ సంగతి వినగానే సంచీ సర్దుకుంది. నలభై దాటిన మనిషి, బలమైన చేతులు. మోటారు సైకిలు ఎన్నడూ ఎక్కి ఉండలేదు. చీర కుచ్చెళ్ళు చక్రంలో పడకుండా మోకాళ్ళ మధ్య బిగించుకుని, పక్కకు తిరిగి కూర్చుని, "పోనియ్యవయ్యా" అంది.

బజారు జాగ్రత్తగా దాటించాడు. ఊరు దాటి కొంత దూరం వచ్చేసరికి ముందు నాపరాళ్ల లారీ తగిలింది. నిండా బరువు. నత్తలా పోతోంది. రోడ్డులో సగానికి పైగా అదే ఆక్రమించి, వెనక ఎర్రటి దుమ్ము గోడలా లేపుతోంది. ప్రభుదాసు హారను కొట్టాడు. లారీవాడికి వినపడలేదో, విననట్టున్నాడో.

"దాటించు" అంది గ్రేసమ్మ.

"ఎదురు కనపడట్లేదమ్మా."

"ఏం రాదులే. అక్కడ ఆ పిల్ల పోతది."

అతనికి చెమట ధారగా కారుతోంది. బండిని కుడి పక్కకు కొంచెం జరిపాడు. దుమ్ము. ఎర్రగా, దట్టంగా, అరచెయ్యి అడ్డం పెట్టినట్టు. ఆ దుమ్ములోంచి ఏదో వస్తున్నట్టే ఉంది, రానట్టే ఉంది. అంతోని కాళ్ళకు బట్ట కప్పిన క్షణం కళ్ళముందుకొచ్చింది. మళ్ళీ ఎడమకు తీసుకున్నాడు.

"నీకు భయమైతే ఆపు, నేను దిగి నడిచి పోతా!" అని అరిచింది గ్రేసమ్మ. ఆమె పిడికిలి అతని వీపు మీద పడింది.

"నడవబాక తల్లీ. గట్టిగా పట్టుకో."

ఇంకోసారి పక్కకు తీసి చూశాడు. మళ్ళీ అదే దుమ్ము. మళ్ళీ వెనక్కి తగ్గాడు. అలా ఎంతసేపు పోయారో, పాలువాయి మలుపు దగ్గర గాలి తిరిగి దుమ్మంతా చేలల్లోకి పోయింది. ముందు రోడ్డు బోసిగా కనిపించింది. ఎదురుగా ఒక్క బండి లేదు. చాలాసేపటి నుంచీ లేదని కూడా అర్థమైపోయింది. కంటికి ఆనినంత దూరం నిర్మానుష్యంగా పడి ఉంది. గేరు మార్చి లారీని దాటాడు.

ఊరు చేరగానే ఆమె దిగి పరుగున లోపలికి పోయింది. ప్రభుదాసు నీళ్ళు కాచాడు, అడిగినవి అందించాడు. గుమ్మం బయట ఖాసిం గోడకు తల ఆనించి నిలబడ్డాడు. పొద్దు వాలే వేళకు గ్రేసమ్మ బయటికి వచ్చింది. మోచేతుల దాకా నెత్తురు.

"తల్లి బతుకుద్ది" అంది ఖాసింతో. "బిడ్డ దక్కలేదు. మగబిడ్డ."

ఖాసిం అక్కడే కూలబడ్డాడు.

చేతులు కడుక్కుంటుంటే నీళ్ళు పోస్తూ ప్రభుదాసు అడిగాడు, అడక్కుండా ఉండలేకపోయాడు. "ముందొచ్చుంటే బతికేవాడా అమ్మా?"

గ్రేసమ్మ చేతులు విదిలించుకుని అతని వైపు తిరిగింది. "బతికేవాడేమో. చెప్పలేను. ఇంకా ఆలస్యమైతే తల్లి కూడా దక్కేది కాదు, అది మాత్రం చెప్పగలను." కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "నిన్ను తిట్టాను. అదే రోడ్డు మీద అట్టా ఆగితే మళ్ళీ తిడతాను. దాటాల్సిందని మాత్రం ఇప్పుడు చెప్పలేకపోతన్నా" అంది.

బిడ్డను మట్టి చేసి వచ్చాక ఖాసిం డిస్పెన్సరీ ముందు నిలబడ్డాడు. లారీ సంగతి ఊరంతా తెలిసిపోయింది అప్పటికే.

"రోడ్డు ఖాళీగా ఉందంటగా దాసన్నా?"

"ఉంది."

"మరి?"

"ఖాళీగా ఉందని దాటేటప్పుడు తెలిసింది ఖాసిం. అంతకు ముందు తెలవలా."

ఖాసిం నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయాడు. ఆ తరువాత డిస్పెన్సరీ వైపు రాలేదు. ఎదురుపడితే వేరే సందులోకి తిరిగేవాడు. ప్రభుదాసుకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. ఒకరోజు బండి కొత్త ఫాదరు గారికి అప్పగించేద్దామని కూడా బయలుదేరాడు.

సారమ్మ అడ్డం నిలబడింది. "నా తమ్ముడు దాటాడు. వాడికీ తెలవదు, నీకూ తెలవదు ఎదురేముందో. నువ్వు ఇంటికొచ్చావు, ఆ నర్సమ్మ ఇంటికొచ్చింది, కుల్సుం లేచి తిరగతంది. ఇంకేం కావాలయ్యా నీకు?" అంది. తమ్ముడు పోయాక అతని గురించి ఆమె అంత మాట్లాడటం అదే మొదలు. ప్రభుదాసు తాళం మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

తరువాత కూడా ఎన్నోసార్లు గ్రేసమ్మను తెచ్చాడు. ఆమె తిడుతూనే కూర్చునేది. అతను చూస్తూనే నడిపేవాడు. కొన్నిసార్లు వేళకు చేరారు, ఒకటి రెండుసార్లు చేరలేదు.

మరుసటి ఏడు వానలు మొదలైన రోజుల్లో మాచర్ల బస్టాండులో ఖాసిం బస్సు తప్పిపోయి, బట్టల మూట చంకన పెట్టుకుని తడుస్తూ నిలబడి ఉన్నాడు. ప్రభుదాసు బండి ఆపాడు. పిలవలేదు, ఊరికే ఆపాడంతే. ఖాసిం అటూ ఇటూ చూశాడు. కొంతసేపటికి వచ్చి వెనక కూర్చున్నాడు. రెంటచింతలలో తన ఇంటి ముందు దిగి, మూట సర్దుకుని, మొహం తువ్వాలుతో తుడుచుకుంటూ అన్నాడు ఖాసిం.

"కుల్సుంకి మళ్ళీ నెల తప్పింది దాసన్నా. ఈసారి కాన్పుకు నెల ముందే నర్సమ్మకు చెప్పి రావాల. నువ్వు తీసకపోతావా?"

"ఎప్పుడంటే అప్పుడే" అన్నాడు ప్రభుదాసు.